వాల్వుల మేస్త్రమ్మ

మేస్త్రమ్మ పోయిన సంగతి నాకు పదిహేను రోజులు ఆలస్యంగా తెలిసింది. కారు స్టార్ట్ చేస్తే లోపల ఎక్కడో టిక్కు టిక్కుమంటోందని, చోడవరంలో అనకాపల్లి రోడ్డు మీదున్న ఆవిడ షెడ్డుకి తీసుకెళ్ళాను. షట్టరు దించి ఉంది. పక్కన పంక్చర్లు వేసే ఆయన ట్యూబుని నీళ్ళలో ముంచుతూనే తలెత్తాడు.

"మీకు తెలీదేటి మేష్టారూ? మేస్త్రమ్మ పోనాది కదా. జొరమొచ్చింది, మూడో రోజుకి గుండె ఆగిపోనాదంట. సర్చి వాళ్ళందరూ వచ్చి సమాధి సేసేరు."

కారు ఇంజను ఇంకా ఆపలేదు. చప్పుడు అలాగే వస్తోంది. ఇది ఏ సిలిండరుదో, ఏ వాల్వుదో విని చెప్పే మనిషి ఇక ఈ ఊళ్ళో లేదన్న సంగతి, ఆవిడ లేదన్న సంగతి కంటే ముందు తట్టింది నాకు. కాసేపటికి దానికి సిగ్గుపడ్డాను.

ఆవిడ అసలు పేరు చెప్పినా చాలామంది పోల్చుకోలేరు. షెడ్డు మీద బోర్డులో కూడా 'ఇంజన్ వర్క్స్' అని మాత్రమే ఉండేది. పేరున్న ముక్క ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయిందట. మళ్ళీ రాయించుకోలేదు. మేస్త్రమ్మ అంటే గోవాడ నుంచి కె.కోటపాడు దాకా ట్రాక్టరున్న ప్రతి రైతుకీ తెలుసు. యాభై దాటిన మనిషి. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా. చేతి గాజులు జారకుండా మోచేతి దాకా ఎక్కించి, సైకిలు ట్యూబు ముక్క కోసి రబ్బరు బ్యాండులా వాటి మీదుగా వేసుకునేది. ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో రోడ్డు పక్కన నడుచుకుంటూ వెళుతుంటే వేరే మనిషనిపించేది. గోళ్ళ చివర నల్లటి గీతలు మాత్రం ఆ రోజు కూడా పోయేవి కావు.

ఆ పని మొదట వాళ్ళాయనది. ఆయనకి షుగరు ముదిరి చూపు మందగించాక, స్టూలు మీద కూర్చుని ఆయన చెప్పడం, ఆవిడ చెయ్యడం అలవాటైంది. అలా చూసి కాకుండా, విని నేర్చుకున్న విద్య ఆవిడది. బండి రాగానే బానెట్ ఎత్తించి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేది. అప్పుడు ఎవరైనా మాట్లాడితే రెండో చేత్తో నోరు మూసుకోమని సైగ. బండి పాడైందని ఎప్పుడూ అనేది కాదు. "అలిసిపోనాది" అనేది. గ్యారంటీ ఉందా అని ఎవరైనా అడిగితే, "నాకా మాట తెల్దు. ఆగితే ఫోన్ సెయ్యండి, నానొస్తాను" అనేది. నిజంగానే వచ్చేది. బండి తిరిగి ఇచ్చేటప్పుడు స్టీరింగుని, తలుపు పిడిని శుభ్రమైన గుడ్డతో తుడిచి మరీ ఇచ్చేది.

నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొన్నాను. ఆవిడే వచ్చి విని, "కొనుక్కోండి, ఊపిరి బాగున్నాది" అంది. కారు బాగానే నడిచేది. కానీ మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన కొత్త కారు కొన్నాడు. రోజూ కె.కోటపాడు రోడ్డులో నన్ను దాటేసి, ముందుకెళ్ళి హారను కొట్టేవాడు. అంతే జరిగింది. దానికే నాకు నిద్రపట్టేది కాదంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఇంటర్నెట్లో వెతికితే వాల్వ్ టైమింగ్ కంట్రోలర్ అని కనిపించింది. ఇంజనులోకి గాలి వెళ్ళడానికి, పొగ బయటికి రావడానికి చిన్న తలుపుల్లాంటి వాల్వులుంటాయి. అవి ఏ క్షణాన తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో లెక్కకట్టి బిగించి మరీ కంపెనీవాళ్ళు బండిని పంపుతారు. ఆ క్షణాన్ని మనం కాస్త ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు, దాంతో పికప్పు పెరుగుతుంది అని చెప్పి ఈ కంట్రోలర్లు అమ్ముతారు. కొత్త బళ్ళకి ఎలక్ట్రానిక్ డబ్బా రూపంలో వస్తుంది. నా బండికి దొరికింది వాల్వుల్ని నడిపే ఒక పళ్ళ చక్రం. ఊదారంగులో మెరిసిపోతూ, అంచున డిగ్రీల గీతలు, మధ్యలో ఐదు బోల్టులు. ఆ బోల్టులు వదులు చేసి, కావలసినంత తిప్పి, మళ్ళీ బిగించాలి. తెప్పించుకుని ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను.

మేస్త్రమ్మ చేతులు కడుక్కుని వచ్చి దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి, పళ్ళ మీద బొటనవేలు నడిపి చూసింది.

"సక్కగా సేసేరు" అంది. "ఎందుకిది?"

"పికప్పు పెరుగుతుంది."

"ఎక్కడ పెరగాలి మేష్టారూ? కిందనా, మీదనా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ కారు దగ్గరికి వెళ్ళి, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు మీద వేలు పెట్టింది.

"ఈ సక్రం ఒక సోట ఇస్తాది, ఇంకో సోట లాగేస్తాది. మీద ఇమ్మంటే కింద లాగేస్తాది. ఈ ముల్లు నాలుగు వేలు దాటి మీరెప్పుడు తోలేరు?"

"చూడలేదు."

"ఒక వారం సూడండి. రాసుకోండి. మీరు సైన్సు మేష్టారు కదా."

వారం రోజులు చూశాను. స్పీడ్ బ్రేకర్లు, ఆటోలు, గేదెలు, ముందు చెరకు ట్రాక్టరు. ముల్లు మూడు వేలు దాటింది రెండుసార్లే. రాసుకున్న కాగితం ఆవిడకి చూపించాను.

"మరింకేటి? మీరెళ్ళే కాడ మీ ఇంజను బాగానే ఉన్నాది. మీరెళ్ళని కాడికి ఇది కావాలి. సైలెన్సరూ, వాల్వుల్ని ఎత్తే క్యామూ అన్నీ మార్సినోళ్ళకయితే ఇది పనికొస్తాది. ఇదొక్కటీ ఎట్టుకుంటే సెప్పుకోడానికే. వద్దు."

ఆవిడ చెప్పింది సరైన ఫిజిక్సు. నా సొంత చేతిరాతలో నా ముందే ఉంది. అయినా ఏడో తరగతి దాకా చదివిన మనిషి నాకు పాఠం చెప్పిందన్నదే మనసులో మిగిలింది. మరుసటి ఆదివారం, ఆవిడ చర్చికి వెళ్ళే వేళ, నేను కారు విశాఖపట్నం తీసుకెళ్ళి ఎవరో తెలియని మెకానిక్ దగ్గర ఆ చక్రం పెట్టించుకుని వచ్చాను. ఇంట్లో సర్వీసింగు అని చెప్పాను. వచ్చేటప్పుడు బండి దూసుకుపోతున్నట్టే అనిపించింది. శబ్దం మారింది కదా, వేగం కూడా మారిందనుకున్నాను.

మా ఆవిడ సుజాత ఆ రోజుల్లో టీచరు ఉద్యోగాల పరీక్షకి చదువుతోంది. అది ఏటా వచ్చే పరీక్ష కాదు. చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని, పొయ్యి మీద కూర చూసుకుంటూ, రెండేళ్ళు చదివింది. సెంటరు అనకాపల్లి దాటాక పడింది. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. బస్సుకి వెళతానంది సుజాత.

"కారుండగా బస్సెందుకు?" అన్నాను.

ఎనిమిదింటికి బయలుదేరాం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగు రోజులు. చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తున్నాయి. చోడవరం దాటి పది కిలోమీటర్లు వచ్చాక, ఒక లారీని దాటుదామని గట్టిగా తొక్కాను. ఇంజనులోంచి గుప్పెడు మేకులు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడొచ్చి, బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టవలేదు. ఆటోలన్నీ నిండుగా వస్తున్నాయి. చివరికి ఒకటి ఆపి, డ్రైవరు పక్కన సుజాతని కూర్చోబెట్టాను. కూర్చుంటూ హాల్ టికెట్టు ఉన్న ప్లాస్టిక్ కవరుని గుండెలకి ఆనించుకుంది. పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరింది. గేటు తియ్యలేదు.

మేస్త్రమ్మకి ఫోన్ చేస్తే అరగంటలో ఆటోలో వచ్చింది. బానెట్ ఎత్తి, పైన ప్లాస్టిక్ మూత విప్పింది. ఊదారంగు చక్రం కనిపించింది. ఐదు బోల్టుల్లో మూడు వదులైపోయి, చక్రం జరిగిపోయి ఉంది. ఆవిడ నా ముఖం చూడలేదు. మూత మళ్ళీ బిగించి, చెరకు దింపేసి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ఒకటి ఆపి, తాడు తనే కట్టింది.

షెడ్డులో ఇంజను పైభాగం, హెడ్డు విప్పితే తేలింది. చక్రం జరగడంతో వాల్వులు తెరుచుకోకూడని వేళ తెరుచుకుని పిస్టన్లకి కొట్టుకున్నాయి. నాలుగు వంగిపోయాయి. ఆవిడ వాటిని గుడ్డ మీద వరసగా పెట్టింది. నేను చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాను.

"మేస్త్రమ్మా, మా ఇంట్లో చెప్పకండి. బండి పాతదయిపోయి ఆగింది అని చెప్పాను."

ఆవిడ విప్పిన బోల్టులు ఏరి డబ్బాలో వేసింది. వద్దన్నానా లేదా అని కూడా అనలేదు. ఆ మాట కోసం నేను రోజంతా ఎదురుచూశాను. అనేస్తే నాకు తేలిగ్గా ఉండేది.

మర్నాడు కాలేజీ నుంచి నేరుగా వెళ్ళాను. కొత్త వాల్వులు వచ్చాయి. అవి సందు లేకుండా మూసుకునేలా, ఒక్కొక్క దానికీ రుద్దే పేస్టు రాసి, రబ్బరు కప్పున్న కర్రకి అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతోంది. మధ్య మధ్య ఎత్తి, తుడిచి, వెలుతురులో చూసి, మళ్ళీ దించేది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. చాలాసేపటికి, పని ఆపకుండానే మొదలుపెట్టింది.

"మా ఆయనకి సూపు పూర్తిగా పోయిన కొత్తలో, ఒక జీపొచ్చింది. టైమింగు పని. నానొక్కదాన్నే సేసేను. మొదటిసారి. పళ్ళ సక్రాల మీద గుర్తుకి గుర్తు కలపాలి కదా, ఒక పన్ను తేడాగా ఎట్టేసేను. స్టార్టయింది. నడిసింది. నాకు తెల్లేదు."

కర్ర ఎత్తి, వాల్వు తుడిచింది.

"కోటపాడు అవతల ఊరు ఆ జీపుది. వారం తిరక్కుండా, నొప్పులొచ్చిన మనిషిని ఏసుకుని వస్తన్నారు. ఎత్తు ఎక్కలేక ఏడెక్కిపోయి ఆగిపోనాది. వాన. జీపులోనే కాన్పయింది. పుట్టిన గుంట బతికింది. తల్లికి రక్తం పోయి, మూడు నెలలు మంచం దిగలేదు. జీపు మళ్ళీ నా కాడికే లాక్కొచ్చేరు. ఇప్పి సూస్తే నా తప్పు. పాత జీపు కదా, ఏటి సేస్తాం, అంటన్నారు అందరూ. మా ఆయన కూడా ఊరుకో అన్నాడు. ఎవలికీ తెల్దు కదా అన్నాడు."

"మరి?"

"బస్సెక్కి ఆ ఊరెల్లేను. ఆ మనిషి అత్త ముంగిట్లో బియ్యం సెరుగుతన్నాది. 'అమ్మా, జీపు ఆగింది నావల్ల' అని సెప్పేను. తిట్టింది. సేతిలో సేట నా మీదకి ఇసిరింది. ఈదంతా వచ్చి నిలబడింది. తిట్టినంతసేపూ నిలబడి, బస్సెక్కి వచ్చేసేను." వాల్వుని మళ్ళీ దాని చోట దించింది. "ఇంటికొచ్చి అన్నం తిన్నాను మేష్టారూ. అప్పటికి నాలుగు రోజుల్నించి ముద్ద దిగలేదు నాకు."

నీతి ఏదీ తీయలేదు. ఆ రోజు రుద్దిన వాల్వుల మీద కిరసనాయిలు పోసి, బొట్టు కారుతుందేమో అని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కారలేదు.

మూడో రోజు సాయంత్రం నేను అక్కడుండగానే సుజాత వచ్చింది. సంతకొచ్చి, కారు ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆగిందట. కూరల సంచి బల్ల మీద పెట్టి, మేస్త్రమ్మని అడిగింది.

"మీరే చూసి కొనమన్నారు కదమ్మా. మంచి బండి అన్నారు. అంత ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయింది?"

మేస్త్రమ్మ చేతులు ఆగాయి. సుజాతని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. నా తరఫున అబద్ధం మాత్రం ఆడదని తెలిసిపోయింది.

"కారణం ఉన్నాదమ్మా. మీ ఆయన సెప్తాడు" అని, మంచినీళ్ళ బిందె తీసుకుని రోడ్డు మీద కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. బిందె సగం పైన నిండే ఉంది.

నేను చెప్పాను. చక్రం సంగతి, ఆదివారం విశాఖపట్నం వెళ్ళిన సంగతి, సర్వీసింగు అన్న అబద్ధం, లెక్కల మాస్టారి హారను. సుజాత పూర్తిగా విన్నది. బల్ల చివర ఉన్న చక్రం దగ్గరికి వెళ్ళి చూసింది. ముట్టుకోలేదు.

"ఎంత పెరిగింది మరి, పికప్పు?" అని అడిగింది.

"పెరగలేదు."

సంచి తీసుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మేస్త్రమ్మ బిందెతో వచ్చింది. "తిట్టిందా?"

"లేదు."

"అయితే ఇంకా ఉన్నాది. పడండి. అన్నం మాత్రం మానకండి."

అలాగే జరిగింది. సుజాత నాలుగు రోజుల తర్వాత తిట్టింది. పరీక్ష గురించి తక్కువ, ఆ మూడు రోజుల అబద్ధం గురించి ఎక్కువ. మేస్త్రమ్మ కంపెనీ చక్రమే మళ్ళీ బిగించి, స్టీరింగు తుడిచి కారు ఇచ్చింది. సుజాత దాన్లో ఎక్కడానికి మాత్రం ఆర్నెల్లు పట్టింది. ఆటోలో వెళ్ళేది. ఆ పరీక్ష మళ్ళీ రావడానికి ఏళ్ళు పట్టింది. పిల్ల బడికి వెళ్ళే వయసొచ్చాక, మళ్ళీ ఆ పుస్తకాలన్నీ దించి చదివింది. ఆ రోజు ఉదయం బస్సుకి వెళతానంది. నేను బస్టాండు దాకా సంచి మోశాను. ఇప్పుడు కోటపాడు దగ్గర ఒక ఊళ్ళో టీచరు. మధ్యలో పోయిన ఆ ఏళ్ళు ఎవరూ తిరిగివ్వలేదు. సుజాత కూడా వాటి మాట ఎత్తదు.

మేస్త్రమ్మని నేను మామూలుగా చూసింది ఎన్నిసార్లో లెక్కలేదు కానీ, ఆవిడంటే నాకు గుర్తొచ్చే రోజు మరొకటుంది. పోయిన వేసవి. ఆయిలు మార్పించుకుందామని వెళితే, షెడ్డు ముందు ఎర్రకారు ఒకటి ఉంది. లోపల వెనక సీట్లు పీకేసి ఉన్నాయి. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయనది. కార్ల పోటీలకి వెళతాడట. ఇంజను హెడ్డు, క్యాములు, సైలెన్సరు అన్నీ మార్పించాడు. చాలా చోట్ల తిరిగి, వాల్వుల పని బాగా చేస్తుందని విని ఈవిడ దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో సరిగ్గా నేను కొన్నటువంటి చక్రం. వద్దంటుందని చూశాను.

ఆవిడ చక్రాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇంజను చూసింది. స్క్రూడ్రైవరు ఆనించి వింది. విప్పి, వాల్వుల కొలతలు చూసింది. చాలాసేపు ఆయన్ని ప్రశ్నలడిగింది.

"దీనికయితే ఎట్టాలి" అంది.

ఆ చక్రం బిగించడం నేను దగ్గరుండి చూశాను. ఐదు బోల్టుల్నీ ఎంత బిగువో చూపించే కొలత పానాతో ఒక వరసలో మూడు విడతలుగా బిగించింది. ఒక్కో బోల్టు మీద తెల్లరంగు చుక్క పెట్టింది, జరిగితే తెలియాలని. ఒక గీత జరపడం, స్టార్ట్ చేసి వినడం, ఆపడం, అర గీత వెనక్కి జరపడం. కారు ఆయన ఏదో చెప్పబోతే నోరు మూసుకోమని సైగ. మూడు గంటలైంది. చివరికి లేచి నడుం నిమురుకుని, చెయ్యి చాపింది.

"తాళం ఇలాగియ్యండి. తోలితే గానీ తెల్దు."

ఆయన కాస్త జంకి ఇచ్చాడు. "మేష్టారూ, వస్తారేటి? మీటరు సూడండి" అంది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ ఖాకీ చొక్కా చేతులు మడిచి, కుచ్చిళ్ళు సర్దుకుని, గోవాడ వైపు తిప్పింది. క్రషింగు అయిపోయింది. రోడ్డు మీద ట్రాక్టర్లు లేవు. రెండు పక్కలా కోసేసిన చెరకు మళ్ళు, ఖాళీగా, దూరం దాకా కనిపిస్తున్నాయి. ఊరు దాటేదాకా మెల్లగా తోలింది. తర్వాత రెండో గేరులో తొక్కింది.

ముల్లు నాలుగు వేలు దాటింది. అయిదు. ఇంజను గొంతు మారింది. ఆరు దాటేసరికి నా వీపు సీటుకి అతుక్కుపోయింది. "ఆరు వేలు!" అని అరిచాను. ఆవిడ వైపు చూస్తే, నవ్వుతోంది. ఇన్నేళ్ళలో నేనా నవ్వు చూడలేదు. నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి, శబ్దం రాకుండా కాదు, గట్టిగా, పళ్ళన్నీ కనిపించేలా. ఇంజను చప్పుడులో ఆ నవ్వు సగమే వినిపిస్తోంది. గాజులకున్న రబ్బరు ముక్క ఎప్పుడో ఊడిపోయి, గాజులన్నీ మణికట్టు మీదకి జారి గలగలమంటున్నాయి.

ఫ్యాక్టరీ మలుపు రాకముందే వేగం తగ్గించి, రోడ్డు పక్కన ఆపింది. ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వేడి ఇంజను చల్లారుతూ చిన్నగా చిటపటలాడుతోంది. ఆవిడ దాన్ని కూడా వింటోంది.

"ఇంకోసారి ఎల్దామేటి మేష్టారూ?"

"కారాయన అక్కడ ఎదురుచూస్తుంటాడు" అన్నాను.

"సూడనీండి" అంది మేస్త్రమ్మ, తాళం తిప్పుతూ.